టాపు తీసేస్తే కారు బరువెందుకు పెరుగుతుంది? మన మారుతీ 1000కి అమెరికాలో ఉన్న కన్వర్టిబుల్ చుట్టం కథ

మిషిగన్‌లో మా అన్నయ్య ఉండే అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో ఒకరోజు పొద్దున్నే ఒక చిన్న ఎర్ర కారు కనిపించింది. రెండే సీట్లు, వెనక్కి మడిచిపెట్టిన నల్ల టాపు, బుల్లి డిక్కీ. చుట్టూ పెద్ద పెద్ద పికప్ ట్రక్కులు ఉన్నాయేమో, వాటి మధ్య బొమ్మ కారులా ఉంది. లోపలికి తొంగిచూస్తే ఆ డాష్‌బోర్డు, ఆ గేర్ రాడ్డు ఎక్కడో చూసినట్టే అనిపించాయి. గుర్తు రావడానికి ఒక నిమిషం పట్టింది. విజయవాడలో మా బాబాయి వాడిన మారుతీ 1000! స్టీరింగ్ ఎడమ వైపు ఉంది, నెత్తిన టాపు లేదు, అంతే తేడా.

నేను అలా చూస్తూండగా దాని ఓనరు, డెబ్బై ఏళ్ల పెద్దాయన, వచ్చి పలకరించారు. ఇండియాలో ఈ కారుకి చుట్టం ఉందని చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. తలుపు తీసి, కారు ఎక్కేటప్పుడు మనం కాలితో దాటే ఆ ఇనప భాగాన్ని చేత్తో తట్టి చూపించారు. మన భాషలో చెప్పాలంటే కారు గడప. మెకానిక్కులు సిల్ అంటారు. "ఇది బాగుంటే కారు బాగున్నట్టే. ఇది తుప్పు పడితే ఇక చేసేదేం లేదు" అన్నారు. ఇంజన్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన గడపనే ఎందుకు పట్టుకున్నారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఇలాంటి కన్వర్టిబుల్ కార్లు, అంటే టాపు మడిచిపెట్టే కార్లు, ఇంత తక్కువ ఎందుకున్నాయో, కొత్తప్పుడు మామూలు మోడల్ కంటే అంత ఖరీదు ఎందుకున్నాయో, ఇప్పుడు వాటిని బతికించుకోవడం ఎందుకంత కష్టమో అన్నీ ఒకేసారి తెలిసిపోయాయి.

ఒక్క కారు, బోలెడు పేర్లు

ముందు ఈ పేర్ల చిక్కు విప్పాలి, లేకపోతే ఎవరు ఎవరికి చుట్టమో తెలియదు.

ఆ ఎర్ర కారు పేరు జియో మెట్రో. జియో అంటే మన సిమ్ కార్డు కాదు. జనరల్ మోటార్స్ 1989లో అమెరికాలో చిన్న కార్ల కోసం పెట్టిన బ్రాండు. కారు మాత్రం పుట్టుకతో సుజుకీది. 1981లో జనరల్ మోటార్స్ సుజుకీలో 5.3 శాతం వాటా కొంది. చిన్న కార్లు ఎలా చెయ్యాలో సుజుకీకి తెలుసు, అమెరికాలో ఎలా అమ్మాలో జనరల్ మోటార్స్‌కి తెలుసు. సుజుకీ 1983లో జపాన్‌లో తెచ్చిన కల్టస్ అనే కారే అమెరికాలో షెవర్లే స్ప్రింట్ అయింది. 1988లో కల్టస్ రెండో తరం వచ్చింది. అమెరికాలో దాన్ని జియో మెట్రో అన్నారు. కెనడాలో అదే పాంటియాక్ ఫైర్‌ఫ్లై, ఆస్ట్రేలియాలో హోల్డెన్ బరీనా, చాలా దేశాల్లో సుజుకీ స్విఫ్ట్. మనం 2005 నుంచి చూస్తున్న స్విఫ్ట్ దీని తర్వాత తరాల్లో పుట్టింది, పేరొక్కటే కలిసింది.

ఈ రెండో తరం కల్టస్‌కి డిక్కీ తగిలించి జపాన్‌లో కల్టస్ ఎస్టీమ్ అని అమ్మారు. అది మన దేశానికి 1990లో మారుతీ 1000గా వచ్చింది. 970 సీసీ ఇంజన్. 1994లో 1.3 లీటర్ ఇంజన్ పెట్టి మారుతీ ఎస్టీమ్ చేశారు. హైదరాబాద్‌లో, విశాఖలో ఒక తరం ఉద్యోగస్తులకు, డాక్టర్లకు అదే తొలి 'పెద్ద కారు'. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. అమెరికాలో సుజుకీ ఎస్టీమ్ అనే కారు వేరే. అది మన దగ్గర 1999లో వచ్చిన మారుతీ బలేనో, ఇప్పటి నెక్సా బలేనో కాదు, దానికి ముందుదైన సెడాన్. అమెరికాలో ఉండే మనవాళ్లు పాత ఎస్టీమ్ కొన్నామంటే ఇక్కడి ఎస్టీమ్‌ని ఊహించుకోవద్దు.

మన కథకి కావాల్సింది మూడు తలుపుల మెట్రో హ్యాచ్‌బ్యాక్. 993 సీసీ, మూడే సిలిండర్లు, 55 హార్స్‌పవర్. మైలేజీ కోసమే చేసిన ఎక్స్‌ఎఫ్‌ఐ అనే మోడల్ ఆనాటి ప్రభుత్వ పరీక్షల్లో హైవే మీద గ్యాలన్‌కి 58 మైళ్లు ఇచ్చింది, అంటే లీటరుకి 24 కిలోమీటర్ల పైమాటే. కాలేజీ పిల్లలు, పిజ్జా డెలివరీ వాళ్లు, పెట్రోలు ఖర్చు లెక్కేసుకునేవాళ్లు కొన్న కారు. అలాంటి పొదుపు కారుకి 1990లో కన్వర్టిబుల్ వచ్చింది. 1993 మోడల్‌తో ఆగిపోయింది. అమెరికాలో నాలుగేళ్లు, అంతే. జపాన్‌లో కూడా 1.3 లీటర్ ఇంజన్‌తో కల్టస్ కన్వర్టిబుల్ అని కొంతకాలం అమ్మారు.

టాపు గొడుగు కాదు

మనలో చాలామంది కారు టాపు అంటే ఎండా వానా పడకుండా ఉండే గొడుగు అనుకుంటాం. గొడుగు తీసేస్తే బరువు తగ్గాలి, ఖర్చూ తగ్గాలి. కానీ మెట్రో కన్వర్టిబుల్ హ్యాచ్‌బ్యాక్ కంటే బరువు, సుమారు 800 కిలోలు. హ్యాచ్‌బ్యాక్‌లో చవక మోడల్ 6 వేల డాలర్ల అటూ ఇటూ ఉంటే ఇది 10 వేలకు దగ్గరగా ఉండేది. టాపు లేకుండా ఇచ్చినందుకు వేల డాలర్లు ఎక్కువ!

కారణం తెలియాలంటే ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. కరెంటు వైరింగ్‌కి వాడే పీవీసీ పైపు ముక్క ఒకటి, జానెడు పొడవుది, తీసుకోండి. రెండు చివర్లా పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. కదలదు. ఇప్పుడు హాక్సా బ్లేడుతో దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలువునా ఒక్క గీత కొయ్యండి. ప్లాస్టిక్ ఏమీ పోలేదు, బ్లేడు మందం పొట్టు రాలింది, అంతే. మళ్లీ మెలితిప్పండి. చేతిలో పాములా తిరిగిపోతుంది. లెక్క వేస్తే 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న పైపుకి మెలిక పడకుండా నిలిచే బిగువు ఆ ఒక్క గీతతో వందో వంతు కంటే తక్కువకి పడిపోతుంది. గొట్టం మూసి ఉన్నంతసేపూ మెలిక చుట్టూ తిరిగి తనను తానే పట్టుకుంటుంది. గీత పడిన చోట ఆ చుట్టు తెగిపోతుంది.

ఇప్పటి కార్లన్నీ దాదాపు ఆ మూసిన పైపు లాంటివే. నేల, గడపలు, ముందు అద్దానికి అటూ ఇటూ ఉన్న పిల్లర్లు, మధ్య పిల్లర్లు, వెనక పిల్లర్లు, నెత్తిన టాపు అన్నీ వెల్డింగుతో ఒక్కటై పెట్టెలా బిగుసుకుంటాయి. దీన్నే మోనోకాక్ అంటారు. విడిగా ఛాసిస్ అంటూ ఏమీ ఉండదు, పెట్టె మొత్తం ఛాసిసే. ముందు ఎడమ చక్రం గుంతలో పడిందనుకోండి. బాడీ ఆ మూల కిందకి దిగాలని చూస్తుంది, మిగతా మూలలు దాన్ని పట్టుకుంటాయి. అలా పట్టుకునే పనిలో టాపుది పెద్ద వాటా, ఎందుకంటే అది నేలకి దూరంగా, పైన ఉంది.

దూరానికి ఎంత విలువో స్కూలు స్కేలు చెబుతుంది. 30 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న స్కేలుని పడుకోబెట్టి వంచితే వంగుతుంది. నిలబెట్టి వంచబోతే వంగదు. అదే స్కేలు, నిలబెడితే సరిగ్గా వంద రెట్లు బిగువు. టాపు ఉన్న కారు నిలబెట్టిన స్కేలు. టాపు తీసేస్తే మిగిలేది పడుకోబెట్టిన స్కేలు, అంటే నేల, గడపలు. ఇంతకు ముందు నిలువెత్తు పెట్టె మోసిన బరువుని ఇప్పుడు జానెడు ఎత్తు కూడా లేని గడపలు మొయ్యాలి.

అందుకే కన్వర్టిబుల్ చేసేవాళ్లు టాపు కొయ్యడంతో మొదలుపెట్టరు, కింద నుంచి కట్టుకుంటూ వస్తారు. గడపల్లో మందపు రేకు పెట్టి, లోపల ఇంకో పెట్టె చేరుస్తారు. నేలకి అడ్డంగా బద్దీలు వేస్తారు. ముందు అద్దం చట్రాన్ని గట్టి చేస్తారు, ఎందుకంటే ఇంతకాలం పైనుంచి టాపు పట్టుకున్న ఆ రెండు పిల్లర్లు ఇప్పుడు గాల్లో ఒంటరిగా నిలబడాలి. సీట్ల వెనక అడ్డంగా ఒక గోడ లేదా గట్టి దూలం పెడతారు. ఇంత ఇనుము చేరాక, తీసేసిన టాపు రేకు బరువు ఏ మూలకి వస్తుంది?

మెట్రో కన్వర్టిబుల్‌కి వెనక సీటు లేదు. చాలామంది దీన్ని పిసినారితనం అనుకున్నారు. నాకు మాత్రం అది తెలివైన పని అనిపిస్తుంది. ఇంత చిన్న కారులో మడిచిన టాపుకి, దాని ఊచలకి చోటు కావాలి. వెనక సీటు పెట్టాలంటే టాపు ఇంకా పొడుగవ్వాలి, మూత లేని భాగం ఇంకా పెరగాలి, బాడీ ఇంకా ఊగాలి. రెండు సీట్లతో ఆగితే కారు పొట్టిగానే ఉంటుంది, సామాను పెట్టుకోవడానికి సీట్ల వెనక కాస్త జాగా మిగులుతుంది. 55 హార్స్‌పవర్ ఇంజన్ మీద నలుగురి బరువు పెట్టాల్సిన పనీ తప్పింది.

ఎంత బలపరిచినా టాపు ఉన్న కారంత బిగువు రాదు. పాత కన్వర్టిబుల్ తోలినవాళ్లకి ఒకటి బాగా తెలుసు. గతుకుల రోడ్డు మీద ముందు అద్దం, డాష్‌బోర్డు ఒక లయలో, స్టీరింగ్ ఇంకో లయలో వణుకుతాయి. లోపలి అద్దంలో వెనక వచ్చే లారీ రెండుగా కనిపిస్తుంది. అది ఏదో వదులైన బోల్టు వల్ల కాదు, బాడీ మొత్తం సన్నగా మెలిపడుతోందన్నమాట.

ఒకప్పుడు టాపు లేని కారే మామూలు కారు

విచిత్రం ఏమిటంటే వందేళ్ల క్రితం ఇదంతా తలకిందులుగా ఉండేది. 1919లో అమెరికాలో అమ్మిన కార్లలో మూసిన బాడీ ఉన్నవి పదో వంతే. మిగతావన్నీ గుడ్డ టాపు కార్లు. చవకగా కావాలంటే ఓపెన్ కారు, డబ్బున్నవాళ్లకి మూసిన కారు. 1927 వచ్చేసరికి మూసినవి 85 శాతం అయిపోయాయి. ఎనిమిదేళ్లలో అంత మార్పు.

అప్పట్లో టాపు లేకపోయినా ఇబ్బంది ఎందుకు రాలేదంటే, బలమంతా కింద నిచ్చెన ఆకారంలో ఉన్న ఛాసిస్‌లో ఉండేది. రెండు పొడవైన ఇనప దూలాలు, మధ్య మధ్యలో అడ్డకమ్ములు. బాడీని దాని మీద బోల్టులతో కూర్చోబెట్టేవాళ్లు. పైన ఏమున్నా, లేకపోయినా ఛాసిస్ తన పని తాను చేసుకుపోయేది. తర్వాత పూర్తి ఇనప బాడీలు వచ్చాయి, మెల్లగా బాడీయే ఛాసిస్ అయింది. కారు తేలికైంది, చవకైంది, కానీ ఆ చవకదనం మొత్తం టాపుని లెక్కలో పెట్టుకుని వచ్చింది. కాబట్టి కారు ఎంత పొదుపుగా, ఎంత తేలికగా చేస్తే దాని టాపు తియ్యడం అంత కష్టం. మెట్రో లాంటి కారులో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ అనవసరమైన రేకు ఒక్క అంగుళం కూడా ఉండదు.

మన ఊళ్లలో ఓపెన్ టాప్ అంటే గుర్తొచ్చేది జీపు. ఎన్నికల ప్రచారంలో అభ్యర్థి నిలబడి దణ్ణాలు పెట్టే బండి, పెళ్లి ఊరేగింపులో పూలు చుట్టిన బండి. మారుతీ జిప్సీ, మహీంద్రా థార్ కూడా ఆ వరసవే. వీటికి గుడ్డ టాపు వేసినా, ఇనప టాపు వేసినా, అసలు వెయ్యకపోయినా పెద్ద తేడా రాదు. కింద నిచ్చెన ఛాసిస్ ఉంది. 2020లో వచ్చిన థార్‌కి మడిచే గుడ్డ టాపు ఇవ్వగలిగారంటే ఆ ఛాసిస్ పుణ్యమే. జీపుని చూసి మారుతీ 800కి కూడా అలా చెయ్యొచ్చు అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. దాని గురించి కింద చెబుతాను.

సన్‌రూఫ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇప్పుడు అందరికీ అదే మోజు కదా. సన్‌రూఫ్ ఉంటే టాపు మధ్యలో రేకుకి బదులు అద్దం వస్తుంది. కానీ తలుపుల పైన ముందు నుంచి వెనక్కి వెళ్లే రెండు దూలాలు, వాటిని కలిపే అడ్డ దూలాలు అలాగే ఉంటాయి. పెట్టె చట్రం తెగదు. కన్వర్టిబుల్‌లో ఆ చట్రమే పోతుంది. రెండిటికీ పోలికే లేదు.

అరుదు ఎందుకైంది

టాపు తియ్యడం కష్టం కాబట్టి అరుదు అని తేల్చేస్తే సగం నిజమే అవుతుంది. అదే కష్టంతో లక్షల్లో అమ్ముడుపోయిన చిన్న కన్వర్టిబుల్స్ ఉన్నాయి.

జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌నే చూడండి. యుద్ధం అయ్యాక దానికి రెండు రకాల కన్వర్టిబుల్ చేయించారు. రెండు సీట్లది వుల్‌ఫ్రాత్ అనే ఊళ్లో హెబ్‌ముల్లర్ అనే కోచ్‌బిల్డర్‌కి, అంటే కార్ల బాడీలు కట్టే సంస్థకి, నాలుగు సీట్లది ఒస్నాబ్రూక్‌లో కార్మాన్‌కి ఇచ్చారు. బీటిల్‌కి కింద విడిగా ఫ్లోర్ పాన్, అంటే నేల చట్రం, ఉంది, అయినా సరిపోలేదు. బాడీని అదనంగా బలపరచాల్సి వచ్చింది. హెబ్‌ముల్లర్‌కి 2,000 కార్ల ఆర్డర్ వచ్చింది. 1949 జూన్‌లో పని మొదలైంది, జులైలో ఫ్యాక్టరీ తగలబడింది. మళ్లీ నిలబడాలని చూశారు గానీ డబ్బు చాలలేదు, 1952లో దివాలా తీశారు. మొత్తం చేసింది దాదాపు 700 కార్లు. అదే సమయంలో కార్మాన్ నాలుగు సీట్ల కారుని 1949 నుంచి 1980 జనవరి దాకా చేస్తూనే ఉంది. 3 లక్షల 31 వేలకు పైగా! ఆ తర్వాత ఫోక్స్‌వ్యాగన్ వాళ్లదే గోల్ఫ్ అనే కారుకి కూడా కన్వర్టిబుల్ చేసింది. 1979లో మొదలైన ఆ తొలి తరం గోల్ఫ్ కన్వర్టిబుల్ దాదాపు 3 లక్షల 88 వేలు అమ్ముడైంది. మధ్య పిల్లర్ల చోట నెత్తి మీదుగా ఒక ఇనప కమాను వదిలేయడం దాని కిటుకు. కారు బోల్తా పడితే మనుషులకి రక్షణ, మామూలుగా బాడీకి బిగువు. చూడ్డానికి బుట్ట పిడిలా ఉందని జర్మన్లు దాన్ని స్ట్రాబెర్రీ బుట్ట అని పిలుచుకున్నారు.

అంటే ఇంజనీరింగ్ కష్టం ఖర్చుని పెంచుతుంది. ఆ ఖర్చుని ఎన్ని కార్ల మీద పంచగలరన్నదే అసలు ప్రశ్న. టాపు అచ్చులు, ఊచల మడత, కొత్త డిక్కీ, బలపరిచిన గడపలు, మళ్లీ క్రాష్ పరీక్షలు, ఇవన్నీ నాలుగు లక్షల కార్ల మీద పంచితే ఒక్కో కారు మీద పడేది కొంచెమే. కొన్ని వేల కార్ల మీద పంచాలంటే భారమవుతుంది. గోల్ఫ్ కొనేవాళ్లు కాస్త ఎక్కువ పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. మెట్రో కొనేవాళ్లు పైసా పైసా లెక్కేసుకునే మనుషులు. పదివేల డాలర్లు పెట్టగలిగినవాడు ఇంకో నాలుగు వేలు వేసి, 1989లో 13,800 డాలర్లకి వచ్చిన మజ్దా మియాటా కొనేవాడు. అది పుట్టుకతోనే ఓపెన్ కారు, నడపడానికి హాయిగా ఉండేది. మెట్రో కన్వర్టిబుల్ ఆ రెండు మెట్ల మధ్య ఇరుక్కుపోయింది.

మరి అసలు ఎందుకు చేశారు? నా అంచనా ఏమిటంటే, షోరూముకి మనుషుల్ని రప్పించడానికి. మెట్రో మంచి కారే గానీ దాన్ని చూసి ఎవరూ ఆగరు. షోరూము అద్దంలో ఎర్ర రంగు ఓపెన్ కారు కనిపిస్తే ఆగుతారు. ఆగినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది మామూలు హ్యాచ్‌బ్యాక్‌తో ఇంటికి వెళ్లినా కంపెనీకి గిట్టుబాటే. అప్పుడు గాలి కూడా అటే వీస్తోంది. 1976 క్యాడిలాక్ ఎల్డొరాడోతో అమెరికాలో కన్వర్టిబుల్ శకం అయిపోయిందని అందరూ అనుకున్నారు. 1982లో క్రైస్లర్ మళ్లీ మొదలుపెట్టింది, జనం ఎగబడ్డారు. దశాబ్దం చివరికి ప్రతి కంపెనీకీ ఒకటి కావాలనిపించింది.

సరిగ్గా అదే రోజుల్లో సుజుకీ జపాన్‌లో ఇంకో దారి కూడా పట్టింది. 1991లో కపుచినో అని 657 సీసీ రెండు సీట్ల కారు తెచ్చింది. అది మామూలు కారు టాపు తీసి చేసింది కాదు, మొదటి గీత నుంచీ ఓపెన్ కారుగా గీసింది. 26 వేలకు పైగా చేశారు. ఈరోజుకీ దాన్ని నెత్తిన పెట్టుకునే అభిమానులున్నారు. ఒకే కంపెనీ, ఒకే కాలం, రెండు చిన్న ఓపెన్ కార్లు. ఒకటి తల్లి కడుపులోనే అలా పుట్టింది, ఇంకోదానికి ఆపరేషన్ చేశారు.

మెట్రోలో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. 1990లో అమెరికా చట్టం ప్రకారం డ్రైవరు తనంతట తాను ఏమీ చెయ్యకుండానే రక్షణ ఉండాలి. హ్యాచ్‌బ్యాక్‌లో చవక మార్గం పట్టారు. సీట్ బెల్టుని తలుపుకే బిగించారు, తలుపు వేస్తే బెల్టు వచ్చి ఒంటికి తగులుతుంది. కన్వర్టిబుల్‌కి మాత్రం డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ పెట్టారు. ఎయిర్‌బ్యాగ్ అంటే అప్పట్లో ఖరీదైన కార్ల సంగతి. నెత్తిన టాపు లేని బుల్లి కారుకి, అది కూడా ఆ కుటుంబంలో దానికొక్కదానికే, అది దక్కింది.

మిగిలినవి ఎందుకు పోతున్నాయి

అరుదైన కారు అనగానే గ్యారేజీలో గుడ్డ కప్పి దాచుకున్నారనుకుంటాం. ఖరీదైన కార్లకి అది జరుగుతుంది. చవక కారుకి జరగదు. పదేళ్లయ్యాక మెట్రో కన్వర్టిబుల్ కూడా ఒక పాత మెట్రోనే, దాన్ని అలాగే వాడేశారు. మంచు పడే ఊళ్లలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కిందినుంచి గడపల్లోకి చేరుతుంది. పైనుంచి టాపు కుట్లు ఊడితే వాన నీరు లోపలి కార్పెట్ కిందకి దిగి, అవే గడపల్లో నిలుస్తుంది. మామూలు కారులో గడప తుప్పు పడితే టింకరింగ్ షెడ్డులో ముక్క వేయించుకుని ఇంకో అయిదేళ్లు తోలుకోవచ్చు, పైన టాపు ఉంది కాబట్టి. కన్వర్టిబుల్‌లో గడప పోతే కారు మధ్యలో కూలబడుతుంది. ఆ పెద్దాయన చెయ్యి గడప మీదకే ఎందుకు వెళ్లిందో నాకు అర్థమైంది అప్పుడే.

విడిభాగాల సంగతి కూడా రెండు రకాలుగా ఉంటుంది. ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు లక్షల మెట్రోలతో కలిసినవే, పెద్దగా వెతకాల్సిన పనిలేదు. టాపు గుడ్డ, దాని ప్లాస్టిక్ కిటికీ, మడత ఊచలు, తలుపు అద్దం టాపుకి ఆనే రబ్బర్లు, ఆ బుల్లి డిక్కీ మూత మాత్రం దీనికొక్కదానికే. ఆ రబ్బరు ముక్క ఒక్కటి దొరక్క కారు మొత్తం పక్కన పడేసినవాళ్లుంటారు. కొత్త టాపు వేయించే ఖర్చు ఒక్కోసారి కారు ధరకి దగ్గరగా వచ్చేది. అలాంటప్పుడు ఎవరు వేయిస్తారు?

మన దగ్గర టాపు కోయించుకునేవాళ్లకి

పాత మారుతీ 800, జెన్, ఎస్టీమ్ టాపు కోయించి 'కన్వర్టిబుల్' చేయించిన వీడియోలు అప్పుడప్పుడూ ఫోన్లో తిరుగుతుంటాయి. గ్రైండర్‌తో నాలుగు పిల్లర్లు కోసి, అంచుల్లో చదరపు ఇనప గొట్టాలు వెల్డింగ్ చేసి, ఎర్ర రంగు కొట్టిస్తారు. కుర్రాళ్ల సరదా నాకు అర్థమవుతుంది, నిజంగానే ముద్దొస్తాయి కూడా. కానీ మనం ఇంతసేపు మాట్లాడుకున్నది గుర్తుంటే అక్కడ జరిగిందేమిటో తెలుస్తుంది. ఆ బండి కోసిన పైపు. పక్కనుంచి ఒక ఆటో గుద్దినా తలుపులకి పైన ఆనుకోవడానికి ఏమీ లేదు. బోల్తా పడితే ముందు అద్దం చట్రం అగ్గిపుల్లలా విరుగుతుంది. మామూలు కార్లలో ఆ పిల్లర్లు అంతటి బరువు ఒంటరిగా మోసేలా చెయ్యలేదు.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. కొందరు ఆర్‌టీఓలో ఆర్సీ మీద రాయించుకుంటే సరిపోతుందనుకునేవాళ్లు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ సెక్షన్‌ని గట్టిగానే వ్యాఖ్యానించింది. తయారీదారు వివరాలు మారేంత మార్పు చేస్తే కుదరదంది. టాపు కొయ్యడం అందులోకే వస్తుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది కూడా అదే.

ఒకవేళ మీరు అమెరికాలో ఉండి, అసలైన ఫ్యాక్టరీ కన్వర్టిబుల్ మెట్రో కొనాలనుకుంటే, రంగు చూసి ఆగకండి. ముందు కారుని చదునైన నేల మీద పెట్టి, తలుపు మూసి, తలుపుకీ బాడీకీ మధ్య సందులో చూపుడు వేలు పైనుంచి కిందికి జరపండి. సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే లేదా ఆ తేడా రెండు వైపులా వేరువేరుగా ఉంటే కారు నడుం వంగడం మొదలైందన్నమాట. తర్వాత ముందు చక్రం ఒకటి జాకీతో నేల నుంచి లేపించి, ఆ వైపు తలుపు తీసి వేసి చూడండి. గట్టి గడప ఉన్న కారులో తలుపు ఇంతకు ముందులాగే పడుతుంది. కుళ్లిన గడప ఉన్న కారులో తీసిన తలుపు మళ్లీ సరిగ్గా పడదు, లాచ్ కాస్త పైనో కిందో ఆగుతుంది. చివరగా డ్రైవరు సీటు వెనక్కి జరిపి, కార్పెట్ అంచు లేపి, కింద వేలు పెట్టండి. తడి తగిలితే అక్కడితో లేచి రండి.